కందుల కుండలో కాసులపేరు

తొలి ఏకాదశి వస్తోందంటే మా వినుకొండ ఆడవాళ్ళకి చేతినిండా పనే! ముందు రోజే జొన్న పేలాలు వేయించి, బెల్లం, యాలకులు కలిపి దంచి పేలపిండి సిద్ధం చేసుకోవాలి. తెల్లవారుజామునే తలంటు పోసుకుని, పిల్లల్ని లేపి, కొండెక్కి రామలింగేశ్వర స్వామిని చూసి రావాలి. చిన్నప్పుడు సగం కొండ ఎక్కేసరికే "అమ్మమ్మా, కాళ్ళు నొప్పులే" అని చతికిలబడేదాన్ని. అమ్మమ్మ కొంగుముడి విప్పి ఇంత పేలపిండి నా నోట్లో పోసి కథ మొదలుపెట్టేది. సరిగ్గా మంచి పట్టులో ఆపేసి, "మిగతాది పైకెక్కాక చెబుతా, లెగు" అనేది.

అంతే! కాళ్ళ నొప్పులు ఎటుపోయేవో నాకే తెలిసేది కాదు.

తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆ ఆరాటమే నలభై దాటాక నా చేత కలం పట్టించింది. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక దొరికే గంటన్నరలో, పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన కాగితాల మీద కథలు రాస్తుంటాను. ఇంట్లో పోయిన వస్తువు, వీధిలో పుట్టిన పుకారు, కొండ మీద అర్ధరాత్రి కనిపించిన దీపం... ఇలాంటి చిన్న చిన్న చిక్కుముళ్ళ కథలు. వాటిలో ఒక కథ మా ఇంట్లో అరవై ఏళ్ళకు పైగా దాగి ఉన్న ఒక అబద్ధాన్ని బయటికి లాగింది. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఇదంతా.

విన్న కొండే వినుకొండ

మా ఊరికి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? రావణుడు సీతమ్మను ఎత్తుకుపోయాడన్న కబురు రాముడు విన్నది ఈ కొండ మీదేనట. చెప్పింది, రెక్కలు తెగి పడిపోయిన జటాయువు. ఆయన విన్న కొండ కాబట్టి 'విన్నకొండ', అదే వినుకొండ అయిందని పెద్దలు చెబుతారు.

ఒక్కసారి ఆలోచించండి. ఇంటి ఇల్లాలు కనిపించకుండా పోయింది. కళ్ళారా చూసిన సాక్షి ఒక్కడే, ఆయనా కొన ఊపిరితో ఉన్నాడు. తర్వాత రామాయణంలోనే నగల మూట వస్తుంది. సీతమ్మ ఆకాశంలోంచి జారవిడిచిన మూటను సుగ్రీవుడు చూపిస్తే, లక్ష్మణుడు కాలి అందెల్ని మాత్రమే గుర్తుపడతాడు. రోజూ పాదాలకు మొక్కేవాడు గనక అవే తెలుసు! మనిషి అలవాటుని బట్టి ఆనవాలు పట్టడమంటే ఇదే కదా. డిటెక్టివ్ కథలు మనకి ఎక్కడి నుంచో రావాలా చెప్పండి?

నెత్తురు చుక్క లేని పరిశోధన

డిటెక్టివ్ అనగానే మా ఇళ్ళల్లో అందరికీ గుర్తొచ్చేది కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చి, క్లాసు పుస్తకం మధ్యలో పెట్టి చదివి, అమ్మ చేత మొట్టికాయలు తిన్న వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ నవలల్లో పిస్తోళ్ళు, కార్లు, శవాలు ఉండేవి. మన గడప దాటి ఎక్కడో జరిగే వ్యవహారం అనిపించేది.

ఇంకో రకం ఉంది. ఇంగ్లీషులో వాటిని 'కోజీ మిస్టరీ'లంటారు. చలికాలం దుప్పటి కప్పుకుని, పక్కన వేడి వేడి టీ పెట్టుకుని హాయిగా చదువుకునే రహస్య కథలన్న మాట. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలిసిన వాళ్ళే. నేరం జరిగినా దాని భీభత్సం మనకి చూపించరు. పరిశోధించేది పోలీసు కాదు, మనలాంటి మామూలు మనిషి. ఆనవాళ్ళన్నీ చదివేవాళ్ళ కళ్ళ ముందే ఉంటాయి. ముందుగా తప్పు మనిషి మీద అనుమానం పడుతుంది, చివరికి నిజం తేలి ఊరు కుదుటపడుతుంది.

ఈ తరహా కథలకు పెద్దమ్మలాంటిది అగాథా క్రిస్టీ గారి మిస్ మార్పుల్. 1930లో వచ్చిన నవలతో ఆమెకు పేరొచ్చింది. పల్లెటూళ్ళో ఉండే పెళ్ళికాని పెద్దావిడ. ఊలు అల్లుకుంటూ, వచ్చేపోయే వాళ్ళ మాటలు వింటూ, "ఫలానా పనిపిల్ల కూడా ఇలాగే చేసింది సుమా" అని పోల్చుకుంటూ హంతకుల్ని పట్టేస్తుంది. ఈ పాత్రకు తన అమ్మమ్మా, ఆవిడ స్నేహితురాళ్ళ పోలికలు ఉన్నాయని క్రిస్టీ గారే తన ఆత్మకథలో చెప్పుకున్నారు. చూశారా, అక్కడా అమ్మమ్మే!

మనకి మర్యాద రామన్న కథలు ఉండనే ఉన్నాయి. ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అప్పిచ్చిన నెయ్యి దగ్గర తగాదా పడి వస్తారు. ఒకావిడ ఇచ్చానంటుంది, రెండో ఆవిడ నాకే బోలెడు పాడి ఉంది, నేనెందుకు అడుగుతానంటుంది. రామన్న ఇద్దర్నీ బురద తొక్కించి, చెరో చెంబు నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమంటాడు. ఒకావిడ చెంబు మొత్తం గుమ్మరించి ఇంకా చాలలేదంటుంది. రెండో ఆవిడ పుల్లతో బురద గీకేసి, కాసిని నీళ్ళతో కడుక్కుని, చెంబులో ఇంకా మిగులుస్తుంది. పొదుపు తెలిసింది ఎవరో, నెయ్యి కూడబెట్టి అప్పివ్వగలిగింది ఎవరో తేలిపోలేదూ? పాడి, నెయ్యి, చెంబెడు నీళ్ళు. పరిశోధనంతా వంటింటి గుమ్మం దగ్గరే!

కొండకో కథ

మా పల్నాడులో ఏ కొండని కదిపినా కథ రాలుతుంది. నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు శివరాత్రికి ఎత్తయిన ప్రభలు కట్టుకుని ఊళ్ళకి ఊళ్ళే కదిలి వెళతాయి. అక్కడి గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామికి పాలు పోసేది. ఎక్కలేని రోజులొచ్చాక కిందకి రమ్మని స్వామిని వేడుకుంటే, "నీ వెనకే వస్తాను, తిరిగి చూడకు" అన్నాడట. ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే నిలిచిపోయాడు. ఎందుకు తిరిగి చూసింది? ఏం వినిపించింది? ఆ ప్రశ్నల్లోంచి నేనొక కథ రాసుకున్నాను.

గుత్తికొండ బిలం సంగతి చూడండి. 12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఆ గుహలోకి వెళ్ళి మరి రాలేదని చెప్పుకుంటారు. ఆ గుహ పేరు వింటే ఇప్పటికీ పిల్లలు నోళ్ళు తెరుస్తారు.

ఇటు నల్లమల వైపు వెళితే చెంచులు శ్రీశైలం మల్లన్నను 'చెంచు మల్లయ్య' అని తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. కొండ చరియల్లో తేనెపట్టు కోసం మనిషి తాడు పట్టుకుని దిగేటప్పుడు, పైన ఆ తాడు పట్టుకునేది బావమరిదే అయ్యుండాలని మా వైపు చెబుతారు. ఎందుకో తెలుసా? తోబుట్టువు పసుపుకుంకాలు ఆ తాడుకే వేలాడుతుంటాయి గనక! ఒక్క ఆచారంలో ఎంత మనుషుల తత్త్వం ఇమిడి ఉందో చూడండి.

ఇలా రాసేది మనమే కాదు. అమెరికాలో అపలాచియన్ కొండల ప్రాంతంలో షేరిన్ మెక్రంబ్ అనే రచయిత్రి అక్కడి పాత కథాగేయాలను తీసుకుని 1990 నుంచి వరసగా రహస్య నవలలు రాశారు. ఆమె ముత్తాతలు ఆ కొండల్లో ఊరూరా తిరిగి బోధలు చేసిన వాళ్ళట. ఇంటి కథ, కొండ కథ కలిస్తే ఆ రుచే వేరని అక్కడి వాళ్ళకీ తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను.

అమ్మమ్మ కాసులపేరు

కొండెక్కుతూ అమ్మమ్మ ఎన్ని కథలు చెప్పినా, మా ఇంట్లో అందరికీ ఇష్టమైంది మాత్రం కాసులపేరు కథ. అది 1967లో సాగర్ కుడి కాలువకి నీళ్ళు వదలక ముందటి మాట. వర్షం పడితేనే పంట, లేకపోతే మంట.

అమ్మమ్మకి పుట్టింటి వారు పెట్టిన కాసులపేరు ఉండేది. బీరువాలు ఎక్కడివి ఆ రోజుల్లో! వంటింటి అటక మీద కందుల కుండలో, కందుల అడుగున దాచేది. తొలి ఏకాదశి నాడు మెళ్ళో వేసుకుని కొండెక్కుదామని చూస్తే కుండలో కందులే ఉన్నాయి, కాసులపేరు లేదు! ముందు రోజే ఎరుకల ఆమె చేటలు, బుట్టలు అమ్ముకోవడానికి వచ్చి వెళ్ళింది. ఇంకేముంది, అందరి చూపూ ఆమె మీదికే పోయింది. పిలిపించి బజారులో నిలబెట్టి అడిగారు. ఆమె తీయలేదంది. ఎవరూ నమ్మలేదు.

మళ్ళీ సంక్రాంతికి పప్పు విసరడానికని కుండ దించితే, కందుల్లో కాసులపేరు! "కొండ మీది స్వామికి భయపడి, ఎవరూ లేనప్పుడు తెచ్చి పడేసి పోయింది" అన్నారు. స్వామి మహిమ అన్నారు. ఆ ఏడు కొండ మీద అమ్మమ్మ వాళ్ళు కొబ్బరికాయలు కొట్టారట. ఈ కథ మేము పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయామో లెక్కలేదు.

నేనూ దాన్నే కథగా రాశాను. సోది చెప్పే ఎరుకలసాని, కొండ మీద దీపం, దొంగ గుండెల్లో భయం... బాగా కుదిరిందనుకున్నాను. మా అమ్మాయికి చదివి వినిపించాను. అది అంతా విని, "అమ్మా, ఒక్క డౌటు. ఆవిడని అసలు లోపలికి రానిచ్చేవాళ్ళా?" అంది.

నా నోట మాట రాలేదు.

గడప దాటని మనిషి

మర్నాడే అమ్మ దగ్గరకు వెళ్ళాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. నేనూ కూర్చుని రెండు కాయలు తుంచి, మెల్లగా అడిగాను.

"అమ్మా, బుట్టలమ్మే ఎరుకల ఆమె మన వంటింట్లోకి వచ్చేదా?"

"వంటింట్లోకా! మీ అమ్మమ్మ గడప తొక్కనిచ్చేదా? పంచలో కూడా కాదు, కింద వాకిట్లో నిలబడాల్సిందే. కొన్న చేట మీద నీళ్ళు చల్లి గానీ లోపలికి తెచ్చేది కాదు."

"మరి అటక మీద కుండలో సొమ్ము ఆమె ఎట్టా తీసింది? తీసింది పో, మళ్ళా అదే కుండలో ఎట్టా పెట్టింది?"

అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది.

"ఆ ఏడు ఎద్దు చచ్చిపోయిందే. దుక్కి అదను పోతుంటే ఏం చేస్తాడు మీ తాత? పెళ్ళాం పుట్టింటి సొమ్ము అడగటానికి మొహం చెల్లలా. తీసుకెళ్ళి తాకట్టు పెట్టాడు. పత్తి డబ్బులొచ్చాక విడిపించి, తీసిన చోటే పెట్టాడు."

"అమ్మమ్మకి తెలియదా?"

"తెలియకేం? వానలు పోయాక కార్తీకంలో కుండ బోర్లించి కందులు ఎండబెట్టింది తనే కదా. అప్పుడు లేంది సంకురాత్రికి ఎట్టా వచ్చింది? ఇంట్లో మనిషి పెడితేనే వస్తుంది. ఆ సంగతి ఆడదానికి తెలియదా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మొగుడి పరువమ్మా. ఇంటి పరువు. నాకప్పుడు పదేళ్ళు. బజార్లో ఆమెని అడుగుతుంటే నేను మీ అమ్మమ్మ కొంగు పట్టుకుని నిలబడున్నా. కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తానందే పాపం. ఎవరూ వినలా. మళ్ళా ఆమె మన వీధి మొహం చూడలా."

రామయ్య విన్న కొండ కింద, ఆమె మాట ఎవరూ వినలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పూర్వీకులు అంతమంది ఆమెనే ఎందుకు అనుమానించారని తర్వాత తెలుసుకోవాలని చూశాను. ఇంగ్లీషు వాళ్ళు 1871లో తెచ్చిన ఒక చట్టంలో కొన్ని కులాలకి కులాలనే పుట్టుకతో నేరస్థులని రాసేశారు. దాన్ని తర్వాత మన వైపుకీ వర్తింపజేశారు. ఎరుకల వాళ్ళు ఊరు దాటాలన్నా పోలీసులకి చెప్పుకోవాల్సిన రోజులవి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వాళ్ళ కోసం సెటిల్‌మెంటుగా పుట్టిన ఊరే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. కాగితం మీద చట్టం పోయింది గానీ, మా అమ్మమ్మ వాకిట్లో ముద్ర మాత్రం పోలేదు!

తమాషా ఏమిటంటే, తిరుపతి వెంకన్న పద్మావతి పెళ్ళి కోసం ఎరుకలసాని వేషంలోనే ఆకాశరాజు ఇంటికి వెళ్ళి సోది చెప్పాడని మనం భక్తిగా చెప్పుకుంటాం. దేవుడు ఆ వేషంలో వస్తే అంతఃపురంలోకి పిలిచారు. బుట్టలమ్ముకునే మనిషిని మేము వాకిట్లో నిలబెట్టాం. గుర్రం జాషువా గారు 1895లో పుట్టింది మా వినుకొండలోనే. 1941లో అచ్చయిన ఆయన 'గబ్బిలం' కావ్యంలో, గుళ్ళోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గబ్బిలానికి లేని అడ్డు మనిషికి! ఇంటర్‌లో ఉండగా ఆ కథ విని బాధపడ్డాను. మా ఇంటి కథలోనే ఆ గడప ఉందని అప్పుడు తోచలేదు.

కథంతా చింపేసి మళ్ళీ రాశాను. ఈసారి ఆనవాలు ఆ గడపే. ఏ గడప అయితే ఆమెను లోపలికి రానివ్వలేదో, అదే ఆమె నిర్దోషి అని సాక్ష్యం చెప్పింది. పట్టుకునేది పదేళ్ళ పిల్ల. కార్తీకంలో కందులు ఎండబోసినప్పుడు కుండలో ఏమీ లేదని చూసింది ఆ పిల్లే.

మీరూ రాస్తారా?

మీ ఇంట్లోనూ ఇలాంటి కథలు ఉండే ఉంటాయి. రాయాలనిపిస్తే నాకు అనుభవం మీద తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

ఒక వస్తువుతో మొదలుపెట్టండి. నాయనమ్మ రోలు, తాతయ్య ట్రంకు పెట్టె, ఎవరిదో తెలియని ఫొటో. "ఇది ఎవరిది? ఇక్కడికి ఎలా వచ్చింది?" అంటే చాలు, కథ మొదలైనట్టే.

ఒకే సంగతి ఇద్దరు పెద్దవాళ్ళని విడివిడిగా అడగండి. ఇద్దరూ చెప్పింది ఎక్కడ కలవలేదో అక్కడ గుర్తు పెట్టుకోండి. కథకి విత్తనం అక్కడే ఉంటుంది. చేతిలో పని పెట్టుకుని అడిగితే వాళ్ళు ఇంకా బాగా చెబుతారు.

మీకు తెలిసిన విద్యనే ఆనవాలు చేయండి. పెరుగు ఎంతసేపటికి తోడుకుంటుందో, ఆవకాయ ఎన్నాళ్ళకి ఊరుతుందో, తొక్కిన ముగ్గు ఎలా చెదురుతుందో మనకి తెలిసినట్టు ఏ యుగంధర్‌కి తెలుస్తుంది? తోడు వేసిన గిన్నె చూసి, ఇంట్లో మనిషి ఎన్ని గంటలకి బయటికి వెళ్ళిందో చెప్పెయ్యగలం మనం!

ఆనవాలు ముందే చూపించండి. చివరి పేజీలో ఎక్కడి నుంచో కొత్త మనిషిని తెచ్చి వీడే దొంగ అంటే చదివేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. పచ్చిమిర్చి కూరలోనే ఉండాలి, కానీ కరివేపాకు చాటున ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. మీ కథలో ముందుగా అనుమానం ఎవరి మీద పడుతోందో చూసుకోండి. పనిమనిషా? కొండ మీంచి తేనె తెచ్చిన చెంచు మనిషా? తండా నుంచి వచ్చిన పిల్లా? ఎందుకు ఆ మనిషే మనకి ముందు తట్టిందని మనల్ని మనం అడుగుదాం. కొండ జాతుల ఆచారాలు కథలో వాడుకుంటే గౌరవంగా వాడుకుందాం. వాళ్ళవి మనల్ని భయపెట్టడానికి పుట్టిన మంత్రాలు కావు, బతకడానికి నేర్చుకున్న తెలివి.

బతికున్న వాళ్ళ పేర్లు మార్చండి. ఎవరి కథో వాళ్ళని అడిగి రాయండి. నేనూ అడిగాను. ఈ సంగతి పత్రికకి రాస్తానమ్మా, తాత పరువు పోతుందేమో అంటే అమ్మ కాసేపు ఆలోచించింది.

"మీ తాత చెడ్డవాడు కాదే. చెప్పటానికి భయపడ్డాడు, అంతే. ఆ భయం సంగతి కూడా రాయి" అంది.

తర్వాత నా కథ చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. చివర్లో నిజం తెలిసిన ఇల్లాలు ఎరుకల ఆమెను వెతుక్కుంటూ వెళ్ళి, వాకిట్లోనే నిలబడి క్షమించమని అడుగుతుందని రాశాను. అమ్మకి అది నచ్చలేదు.

"ఇదొక్కటీ మార్చు. వాకిట్లో మాట వాకిట్లోనే అయిపోతే ఎట్టా? ఆమెని ఇంటికి తీసుకొచ్చి, గడప దాటించి, వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి అన్నం పెట్టినట్టు రాయి. అమ్మ ఎట్టాగూ పెట్టలేకపోయింది. నువ్వైనా పెట్టు" అంది.

అలాగే మార్చాను. ఆ పూట వంటింట్లో ఏమేమి వండారో అమ్మనే అడిగి రాశాను. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, కందిపప్పు. అదే కుండలోని కందులతో.